స్టూవర్టుపురము: దానము, నిర్బంధము

మన కొలకలూరివారు తెనాలిలో రైలెక్కి దక్షిణముగా పోయినచో బాపట్ల దాటిన పిదప స్టూవర్టుపురము వచ్చును. ఆ పేరు వినగానే దొంగలని నవ్వుట మనలో వాడుకయైపోయినది. చలనచిత్రములును ఆ యపకీర్తినే పెంచినవి. ధర్మనిధి గల మనవంటి సంఘమునకు ఆ యూరి చరిత్రము మిక్కిలి తెలియదగినది.

ఎఱుకలవారు పూర్వము పశువులపై ఉప్పును, ధాన్యమును వేసికొని తీరమునుండి లోనాడులకు తిరిగి వర్తకము చేసినవారు, బుట్టలల్లినవారు, సోదె చెప్పినవారు. ఉప్పుపై సర్కారు పెత్తనమును, పిమ్మట రైలుబండ్లును ఆ జీవనమును మ్రింగివేసెను. 1871లో పుట్టిన నేరస్థజాతుల చట్టము 1911 నాటి చట్టముతో మదరాసు రాజధానికిని వ్యాపించెను. అంతటినుండి పుట్టుకయే నేరమయ్యెను. పట్టికకెక్కినవారు వ్రేలిముద్రలీయవలెను, పిలిచినవేళ హాజరు పలుకవలెను, అనుమతి లేనిదే యూరు దాటరాదు.

1913 ప్రాంతమున సర్కారు బాపట్ల సమీపమున నొక నివాసమేర్పఱచి, సాల్వేషన్ ఆర్మీ యను క్రైస్తవ ధర్మసంస్థ చేతికప్పగించెను. గవర్నరు కార్యాలోచనసభలోని హెరాల్డు స్టూవర్టు పేరే దాని పేరయ్యెను. సర్కారు గ్రాంటు, దాతల చందాలు, నివాసుల కాయకష్టము కలసి యది నడచెను. పొలములు దున్నించిరి, బడి పెట్టిరి. చీరాల పొగాకు కార్ఖానాకు కూలికి పోనిచ్చిరి. దాతల హృదయమును నేను శంకింపను. కాని వారిచ్చిన సొమ్ము అన్నముతోపాటు హాజరు పుస్తకమును కూడ పోషించెను.

మన ప్రాచీనుల మార్గము వేఱు. రాజు జన్మనక్షత్రమునను, పూర్ణిమలయందును బాలురను, వృద్ధులను, రోగులను, అనాథులను చెఱనుండి విడువవలెననియు, పుణ్యశీలురు ధనమిచ్చి ఖైదీలను విడిపింపవచ్చుననియు కౌటిల్యుడు అర్థశాస్త్రమున విధించెను. ఆ దానమునకు ఫలము విడుదల.

మదరాసు రాజధానిలో 1947లోను, దేశమంతట 1952లోను ఆ చట్టము రద్దయ్యెను. అపకీర్తి మాత్రము రద్దు కాలేదు. 1970 దశకమున జాషువా మహాకవి కూతురు హేమలతా లవణముగారు, భర్త లవణముగారితో గూడి ఆ యూరికి పోయి పని చేసిరి. ఆమె చేత లాఠీ లేదు, హాజరు పుస్తకము లేదు. నేరవృత్తి మానుడని యింటింట నచ్చజెప్పి, పిల్లల చదువులకై పాటుపడిరి.

గడచిన సభలో నొక పెద్ద, త్రాగుబోతులకును ఖైదీలకును మన నిధి యేల యని యడిగిరి. నా శిష్యుడొకడు, ఛందస్సులో దిట్ట, మద్యమునకు లోబడి, కలహమున చెఱకు పోయి, తిరిగివచ్చెను. చికిత్సకు సొమ్ము లేదు. జైలు చూచినవానికి పని యిచ్చువారు లేరు. అతడు మరల త్రాగుటకు నెలయైన పట్టలేదు. ఆ నెలలో మనమెవ్వరమును, నాతో సహా, అతని యిల్లు తొక్కలేదు.

ఈ యేట చికిత్సకును, విడుదలయైనవారి వృత్తికిని కొంత సొమ్ము ప్రత్యేకింపుడని మహాజనులను, పోషకులను ప్రార్థించుచున్నాను. మఱియొక మనవి. దాతల పేర్లు ఈ సంచికలో అచ్చగుట ఆచారమే, అటులే కానిండు. సాయము పొందినవారి పేర్లు మాత్రము ఏ పట్టికకును ఎక్కింపవలదు.