ఉలవ గుగ్గిళ్లు, గరిక మోపులు

తార్నాక నుంచి మౌలాలి గుట్ట ఎంతో దూరం లేదు. హైదరాబాదులో గుర్రప్పందేలు 1868లో మొదలైంది ఆ మౌలాలిలోనే. 1886లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ వాటిని మలక్‌పేటకు మార్పించాడు. అదే గుట్ట కింద మహలఖా బాయి చందా సమాధి ఉంది. 1768లో పుట్టి 1824లో కన్నుమూసిన ఆమె ఉర్దూ కవయిత్రి, నర్తకి. గుర్రపుస్వారీలోనూ విలువిద్యలోనూ ఆరితేరిన మనిషి. రెండో నిజాం వెంట మగవేషంలో యుద్ధయాత్రలకు వెళ్లింది. ఆమె జాగీరుగా ఉన్న అడిక్‌మెట్ భూముల్లోనే తర్వాతి కాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం లేచింది.

స్వారీ చేసినవాళ్ల పేర్లు ఇలా చరిత్రలో నిలిచాయి. ఆ గుర్రాలకు పొద్దున్నే గుగ్గిళ్లు ఉడకబెట్టినవాళ్ల పేర్లు మాత్రం ఎక్కడా లేవు. దక్కనులో గుర్రం బతికి బట్టకట్టిందంటే అది వాళ్ల చలవే.

ఆ పని తెలియకపోతే ఏమవుతుందో మార్కో పోలో రాసిపెట్టాడు. రుద్రమదేవి కాలపు మోటుపల్లి గురించి చెప్పిన ఆ వెనిస్ వర్తకుడే, ఇంకా దక్షిణాన పాండ్య రాజ్యంలో చూసింది కూడా చెప్పాడు. అరేబియా, పర్షియా తీరాల నుంచి ఏటా వేల గుర్రాలు ఓడల్లో దిగేవి. ఏడాది తిరిగేసరికి వాటిలో వంద కూడా మిగిలేవి కావట. ఉడికించిన అన్నం, మాంసం పెట్టేవారనీ, గుర్రాల వైద్యం తెలిసినవాళ్లు అక్కడ లేరనీ అతని మాట. పైగా అలాంటివాళ్లను వర్తకులు రానిచ్చేవారు కాదు, పాత గుర్రం చస్తేనే కదా కొత్తది అమ్ముడయ్యేది! విజయనగరం కథా ఇలాంటిదే. సముద్రం మీద చచ్చిన గుర్రానికి తోక తెచ్చి చూపిస్తే చాలు, సాళువ నరసింహుడు బతికున్న గుర్రానికిచ్చే ధరే ఇచ్చేవాడని పోర్చుగీసు యాత్రికుడు నూనిజ్ రాశాడు. ఖజానాలు గుర్రాల కింద కరిగిపోయాయి. మనుమంచి భట్టు గుర్రాల లక్షణాల మీద తెలుగులో కావ్యమే రాశాడు. ఏ సుడి ఎక్కడుంటే శుభమో, ఎక్కడుంటే కీడో చూడటం ఒక విద్యగా సాగింది. కానీ గుర్రాన్ని చంపేదీ నిలబెట్టేదీ సుడి కాదు, మేత.

ఆ మేతలో దక్కను కనిపెట్టుకున్న గింజ ఉలవ. వేరే పంట నిలవని ఎర్ర చెలకల్లో, వానలు వెనకబట్టాక నేలలో మిగిలిన తేమతోనే పండుతుంది. దక్షిణాది నవీన శిలాయుగపు ఊళ్ల తవ్వకాల్లోనూ ఈ గింజలు దొరికాయి. ఉత్తరాదిన సైన్యపు గుర్రాలకు శనగలు పెడితే మద్రాసు సైన్యం తన గుర్రాలకు ఉలవలు పెట్టింది. సికింద్రాబాద్ కంటోన్మెంటులో ఉన్న మద్రాసు సైన్యపు గుర్రాలదీ ఆ దాణాయే. ఉలవల్ని పచ్చిగా పెట్టేవారు కాదు. మెత్తగా ఉడికించి, చల్లార్చి, తోబ్రా అనే దాణా సంచిలో పోసి మెడకు తగిలించేవారు. ఎందుకు ఉడికించాలో గుర్రాల్ని చూసుకునే ఆనాటి సాయీసులు అనుభవంతో ఎరుగుదురు. పచ్చి ఉలవలో మాంసకృత్తులు అరగకుండా అడ్డుకునే పదార్థాలున్నాయి, ఉడికిస్తే అవి చాలావరకు పోతాయి.

దాణా ఒక్కటే పెడితే గుర్రం నిలవదు. దాని పొట్ట చాలా చిన్నది, పది పదిహేను లీటర్లకు మించి పట్టదు. అసలు జీర్ణశక్తి వెనకపేగులో ఉంది, అక్కడి సూక్ష్మజీవులు గడ్డిని పులియబెట్టి బలంగా మారుస్తాయి. గింజలు మోతాదు మించితే అరగని పిండిపదార్థం ఆ పేగులోకి దిగి పుల్లబడుతుంది, శూల పుడుతుంది, గిట్టల లోపల వాపు వచ్చి గుర్రం అడుగు వెయ్యలేకపోతుంది. గుర్రానికి వాంతి చేసుకునే వీలు కూడా లేదు. అందుకే గడ్డి ముందు, గింజ తర్వాత.

ఆ గడ్డి తెచ్చింది ఆడవాళ్లు. ఉత్తరాదిన గడ్డికోసేది మగవాళ్లయితే, దక్షిణాదిన ఆ పని సాయీసు భార్యదని పాత ఇంగ్లీషు నిఘంటువు హాబ్సన్-జాబ్సన్ నమోదు చేసింది. ఆమె పని మోపు కట్టి తేవడంతో అయ్యేది కాదు. కొడవలికి అందని పొట్టి గరికను చిన్న ఖుర్పీతో నేల బారున చెక్కేది. వేళ్లతో సహా వచ్చిన గడ్డికి మట్టి అంటుకుని ఉంటుంది. కర్రతో కొట్టి, దులిపి, నీళ్లలో జాడించి, ఆరబెట్టి గుర్రం ముందు వేసేవారు. మట్టీ ఇసుకా పేగులో పేరుకుంటే ఎంతటి మేలుజాతి గుర్రమైనా శూలతో దొర్లి చస్తుంది. పొద్దంతా ఎండలో కూర్చుని గరిక చెక్కిన ఆ చేతులకు, ఏ రౌతుకు దక్కిన గౌరవంలో సగమైనా దక్కాల్సింది.

మొదటి ప్రపంచయుద్ధంలో హైదరాబాద్ లాన్సర్లు మైసూరు, జోధ్‌పూర్ దళాలతో కలిసి ఈజిప్టు, పాలస్తీనా వెళ్లారు. అక్కడ మేత మారింది, ఎక్కువగా బార్లీ, తరిగిన ఎండుగడ్డి. ఢిల్లీ తీన్‌మూర్తి దగ్గర నిలబడిన మూడు విగ్రహాల్లో ఒకటి ఈ హైదరాబాదు దళం తరఫునే.

ఉలవ సంగతిని అంకెల్లోకి తెచ్చింది మళ్లీ తార్నాకే. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ చిన్న గదిలో మొదలుపెట్టిన పోషకాహార పరిశోధన 1958లో ఉస్మానియా పక్కనున్న తార్నాకకు తరలివచ్చింది, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మారింది. ఆ సంస్థ ఆహార పట్టికల్లో వంద గ్రాముల ఉలవల్లో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులు కనిపిస్తాయి. పందెపు గుర్రాలకు నేడు ఎక్కువగా పెట్టే ఓట్స్‌లో అందులో సగం చిల్లర. పశువుల దాణాగా చిన్నచూపు చూసిన గింజ ఇది, ఇప్పుడు దాని చారు పెళ్లి విందుల్లో మీగడతో వడ్డిస్తున్నారు.

ఓట్స్, తవుడు, లూసర్న్ గడ్డి తినే పందెపు గుర్రాలకు తరచూ వచ్చే జబ్బొకటి ఉంది. గుర్రం కడుపులో ఆమ్లం రాత్రీ పగలూ ఊరుతూనే ఉంటుంది, దాన్ని చల్లార్చేది గడ్డి నమిలేటప్పుడు ఊరే లాలాజలం. గింజలు పెంచి గడ్డి తగ్గిస్తే పుండ్లు పడతాయి. చాలా దేశాల్లో ఎండోస్కోపీతో చూస్తే, శిక్షణలో ఉన్న పందెపు గుర్రాల్లో సగానికి మించి ఈ పుండ్లు కనిపించాయి.

ఫంక్షన్ హాళ్ల ముందు బరాత్ కోసం నిలబెట్టే గుర్రాలకూ ఇదే లెక్క వర్తిస్తుంది. 350 కిలోల గుర్రానికి రోజుకు కనీసం 5 కిలోల ఎండుగడ్డి కావాలి, ఎండాకాలం నీళ్లు 30 లీటర్లకు పైమాటే, చెమటతో పోయిన ఉప్పు మళ్లీ పెట్టాలి. బ్యాండు మొదలయ్యే ముందు రెండు గుప్పిళ్ల గడ్డి నమలనిస్తే, అడుగు వేగం పెరిగినప్పుడు ఆమ్లం ఎగదన్ని కడుపు పైభాగాన్ని కాల్చకుండా ఆ గడ్డే అడ్డుపడుతుంది.