ప్రత్యేక అవసరాలు గల పిల్లల వ్యాయామ విద్య, క్రీడలు: చరిత్ర

చూపు, వినికిడి, కాళ్లూ చేతుల కదలిక, బుద్ధి వికాసం, ప్రవర్తన. వీటిలో ఏ ఒక్కదానిలోనైనా తోటివారికంటే వేరుగా ఎదుగుతున్న పిల్లలకు, వారి శక్తికి తగినట్టు కసరత్తులనూ ఆటలనూ మలిచి నేర్పే విద్య ఇది. బడిలోని ఆటల పీరియడ్‌తో మొదలై స్పెషల్ ఒలింపిక్స్, డెఫ్లింపిక్స్, పారాలింపిక్స్ దాకా దీని పరిధి విస్తరించింది. దాదాపు నూటయాభై ఏళ్లపాటు ఈ పిల్లల కదలికను వైద్యంలో భాగంగానే చూశారు. ఆట వారి హక్కని చట్టాలు ఒప్పుకొని ఐదు దశాబ్దాలే అయింది. ఈ కాలంలో పోటీ క్రీడలు వేగంగా పెరిగాయి. వాటికి పునాది కావలసిన ఆటల పీరియడ్ మాత్రం అంత వేగంగా మారలేదు. ఈ రంగం చరిత్రలో అన్నిటికంటే ముఖ్యంగా గమనించవలసింది ఈ ఎడమే.

తొలి బడులు

ఐరోపాలో బధిరులకూ అంధులకూ వేరుగా బడులు 18వ శతాబ్దపు రెండో భాగంలో మొదలయ్యాయి. 1813లో స్టాక్‌హోమ్‌లో పెర్ హెన్రిక్ లింగ్ ఒక వ్యాయామ శిక్షణ సంస్థను నెలకొల్పాడు. క్రమం తప్పని కసరత్తుతో శరీర లోపాలను సరిచేయవచ్చన్న నమ్మకాన్ని ఐరోపా అంతటా నాటింది ఆ సంస్థే. ప్రత్యేక బడుల్లోకి వ్యాయామం ఈ వైద్య ద్వారం గుండానే ప్రవేశించింది.

బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల విషయంలో తొలి అడుగు ఫ్రాన్స్‌లో పడింది. అవేరాన్ అడవుల్లో దొరికిన బాలుడికి చదువు చెప్పేందుకు ఏళ్ల తరబడి శ్రమించిన వైద్యుడు ఇటార్. ఆయన శిష్యుడు ఎడ్వార్ సెగాన్. అలాంటి పిల్లలకు ఏదీ నేర్పలేమని పెద్ద వైద్యులే తీర్మానించిన రోజుల్లో సెగాన్ వేరే దారి పట్టాడు. ముందు కండరాలకు, తరువాత ఇంద్రియాలకు, ఆపైన బుద్ధికి శిక్షణ ఇవ్వాలన్నది ఆయన పద్ధతి. నిచ్చెనలు, ఊయలలు, డంబెల్స్ ఆయన తరగతి గదిలో పలకా బలపాలంత ముఖ్యమైన వస్తువులు. 1848 విప్లవం తరువాత అమెరికాకు వలస వెళ్లి, 1866లో తన పద్ధతిని వివరిస్తూ పుస్తకం ప్రచురించాడు. మరియా మాంటిసోరి తన విద్యావిధానానికి ఆయన రచనల నుంచి ఎంతో తీసుకుంది. ఈ రంగానికి ఆద్యుడెవరంటే ముందు చెప్పవలసిన పేరు సెగాన్‌దే. కదలికను చదువుకు తొలి మెట్టుగా నిలిపినవాడు ఆయనే.

బోస్టన్‌లో 1832లో మొదలైన అంధుల బడిని (తరువాతి కాలంలో పెర్కిన్స్ బడి) నడిపిన శామ్యూల్ గ్రిడ్లీ హౌ, చూపు లేని పిల్లలు నాలుగు గోడల మధ్య కూర్చుని నీరసించిపోకూడదని పట్టుబట్టి, వ్యాయామాన్ని దినచర్యలో చేర్చాడు. అమెరికాలోనే 1907లో ఓవర్‌బ్రూక్, బాల్టిమోర్ అంధుల బడులు పరుగు, దూకుడు పోటీలు పెట్టుకున్న తీరు ముచ్చటైనది. దూరాభారం వల్ల పిల్లలు ప్రయాణం చేయలేదు. ఎవరి మైదానంలో వారు పోటీపడితే ఫలితాలు తంతి ద్వారా అవతలి బడికి చేరేవి.

బధిరుల దారి వేరు. వినికిడి లేకపోవడం పరుగుకూ బంతాటకూ అడ్డురాదు కాబట్టి వారి బడుల్లో జట్టు ఆటలు ముందే వేళ్లూనుకున్నాయి. ఒహాయో బధిరుల బడిలో చదివిన విలియం హోయ్ 1888 నాటికే అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్‌లో ఆడాడు. 1894లో గాలొడెట్ కళాశాల బధిరుల అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు, తమ సైగలు అవతలి జట్టు కంటపడకుండా ఆటగాళ్లంతా గుండ్రంగా గుమిగూడి ఎత్తు వేసుకునే పద్ధతి మొదలుపెట్టిందంటారు. నేడు ఆ ఆట ఆడే ప్రతి జట్టూ అదే చేస్తోంది. యూజీన్ రూబెన్స్ ఆల్కే చొరవతో 1924 ఆగస్టులో పారిస్‌లో తొలి అంతర్జాతీయ బధిరుల క్రీడలు జరిగాయి. 9 దేశాల నుంచి 148 మంది పాల్గొన్నారు. వైకల్యం ఉన్నవారి కోసం జరిగిన తొలి అంతర్జాతీయ పోటీలు ఇవే. నేటి డెఫ్లింపిక్స్ వీటి కొనసాగింపు.

గట్టు మీద కూర్చోబెట్టిన కాలం

మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికులకు వ్యాయామ చికిత్స మేలు చేయడంతో, ఆ పద్ధతి బడుల్లోకీ వచ్చింది. గూని, చదును పాదాలు, పోలియో వల్ల సన్నబడ్డ కాళ్లు ఉన్న పిల్లల్ని వేరుచేసి, లోపాన్ని దిద్దే కసరత్తులు చేయించేవారు. ఆ పిల్లలకు ఆట దక్కేది కాదు, మిగిలినవాళ్లు ఆడుతుంటే చూడటమే. వైద్యుడి చీటీ తెచ్చుకున్న పిల్లవాడు పీరియడ్ అంతా గట్టు మీద కూర్చునేవాడు. పిల్లలకు జరిగిన పెద్ద అన్యాయం ఇదే. వైకల్యం చేసిన నష్టం కొంతైతే, ఆ కూర్చోబెట్టడం చేసిన నష్టం అంతకు మించింది. 1952లో అమెరికా వ్యాయామ విద్యా సంఘం నియమించిన కమిటీ ఈ ధోరణిని ప్రశ్నించింది. విద్యార్థి ఆసక్తికీ శక్తికీ పరిమితులకీ తగినట్టు ఆటనే మార్చి ఇవ్వాలని నిర్వచించింది. మారవలసింది పిల్లవాడు కాదు, ఆట అన్న ఆలోచన అప్పటి నుంచి అధికారికంగా నిలిచింది.

అదే కాలంలో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో మరో మార్పు వచ్చింది. నాజీల బారి నుంచి తప్పించుకుని 1939లో జర్మనీ వదిలి వచ్చిన నాడీ వైద్యుడు లుడ్విగ్ గుట్‌మన్, 1944లో అక్కడ వెన్నెముక గాయాల విభాగం ప్రారంభించాడు. లండన్ ఒలింపిక్స్ మొదలైన 1948 జులై 29నే తన రోగుల్లో 16 మందితో విలువిద్య పోటీ పెట్టాడు. 1960లో రోమ్‌లో 23 దేశాల నుంచి దాదాపు 400 మందితో జరిగిన పోటీలు తొలి పారాలింపిక్స్‌గా లెక్కకెక్కాయి. గుట్‌మన్ రోగుల్లో ఎక్కువమంది యుద్ధంలో గాయపడ్డవారు. చక్రాల కుర్చీలోని పిల్లలకు ఆ వెలుగు చేరడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది.

పెరటి శిబిరం నుంచి షికాగో దాకా

బుద్ధి వైకల్యం ఉన్న పిల్లలు శారీరకంగా బలహీనులని, దానికి మెదడే కారణమని 1950ల దాకా అందరూ నమ్మారు. 1958లో ఇంగ్లండ్‌లో జేమ్స్ ఆలివర్, చదువులో వెనకబడ్డ బాలురకు క్రమపద్ధతిలో వ్యాయామం చేయించి, వారి శారీరక సామర్థ్యంతోపాటు మానసిక పరీక్షల ఫలితాలూ మెరుగుపడ్డాయని చూపించాడు. కెనడాలో ఫ్రాంక్ హేడెన్ 1960ల తొలి ఏళ్లలో చేసిన పరిశోధన అసలు ముడిని విప్పింది. పిల్లలు బలహీనంగా ఉన్నమాట నిజమే. ఆ బలహీనతకు కారణం వైకల్యం కాదు, ఎవరూ వారిని ఆడనివ్వకపోవడం. అవకాశమిస్తే వారూ పుంజుకుంటారు. 1964లో ఆయన దీనిపై పుస్తకం ప్రచురించాడు.

అమెరికా అధ్యక్షుడు కెనెడీ చెల్లెలు యూనిస్ కెనెడీ శ్రైవర్ 1962 వేసవిలో మేరీలాండ్‌లోని తన ఇంటి పెరట్లోనే బుద్ధి వైకల్యం ఉన్న పిల్లలకు ఆటల శిబిరం పెట్టింది. ఆమె అక్క రోజ్‌మేరీకి బుద్ధి వైకల్యం ఉండేది. 1941లో చేసిన మెదడు శస్త్రచికిత్స ఆమెను మరింత నిస్సహాయురాలిని చేసింది. అక్కతో కలిసి ఈదుతూ, ఆడుతూ పెరిగిన యూనిస్‌కు హేడెన్ చెప్పింది కొత్తేమీ కాదు. 1965లో హేడెన్ కెనెడీ కుటుంబపు సంస్థ అయిన కెనెడీ ఫౌండేషన్‌లో చేరాడు. షికాగో పార్కుల విభాగంలో వ్యాయామ శిక్షకురాలైన ఆన్ మెక్‌గ్లోన్ తమ నగరంలో ఈ పిల్లలకు క్రీడోత్సవం జరపాలని ప్రతిపాదిస్తే, దాన్ని దేశవ్యాప్తం చేద్దామని శ్రైవర్ ముందుకొచ్చింది. 1968 జులై 20న షికాగోలోని సోల్జర్ ఫీల్డ్‌లో అమెరికా, కెనడాల నుంచి దాదాపు వెయ్యి మందితో తొలి స్పెషల్ ఒలింపిక్స్ జరిగింది. గ్యాలరీలు దాదాపు ఖాళీ.

ఈ పోటీల నిర్వహణలో ఒక ప్రత్యేకత ఉంది. ముందుగా ప్రాథమిక పరుగులు పెట్టి, దాదాపు ఒకే స్థాయి ఉన్నవారిని చిన్న చిన్న బృందాలుగా చేస్తారు. వంద మీటర్లను 14 సెకన్లలో పరిగెత్తేవారు ఒక బృందం, 40 సెకన్లు పట్టేవారు మరొకటి. ప్రతి బృందానికీ పతకాలు వేరు. 2023లో బెర్లిన్‌లో జరిగిన ప్రపంచ క్రీడల్లో భారత్‌కు 202 పతకాలు రావడానికి కారణం ఇది. ఆ సంఖ్యను పారాలింపిక్స్ పతకాలతో పోల్చకూడదు. ఇక్కడ కొలిచేది పిల్లవాడు తన నిన్నటి హద్దును దాటాడా లేదా అన్నదే. పోటీకి కనీస వయసు 8 ఏళ్లు. అంతకంటే చిన్నవారికి వేరే ఆటల కార్యక్రమం ఉంది. వైకల్యం ఉన్నవారూ లేనివారూ ఒకే జట్టులో ఆడే ‘యూనిఫైడ్ స్పోర్ట్స్’ 1980ల చివర మొదలైంది. బడులకు అన్నిటికంటే పనికొచ్చేది ఇదే.

చట్టం దాకా

1975 నవంబరు 29న అమెరికా అధ్యక్షుడు ఫోర్డ్ సంతకం చేసిన వికలాంగ బాలల విద్యాచట్టం, ప్రత్యేక విద్య నిర్వచనంలోనే వ్యాయామ విద్యను పేరు పెట్టి చేర్చింది. గణితం పేరు లేదు, సైన్సు పేరు లేదు, వ్యాయామ విద్య పేరు ఉంది. 1978లో యునెస్కో అంతర్జాతీయ పత్రం వ్యాయామ విద్యను అందరి మౌలిక హక్కుగా ప్రకటించి, వైకల్యం ఉన్నవారికి ప్రత్యేక అవకాశాలు కల్పించాలంది. 2006 ఐక్యరాజ్య సమితి వికలాంగుల హక్కుల ఒడంబడిక 30వ అధికరణంలో, బడి ఆటలతో సహా అన్ని ఆటల్లో వైకల్యం ఉన్న పిల్లలకు మిగతా పిల్లలతో సమాన ప్రవేశం ఉండాలని రాసింది. భారత్ దీన్ని 2007లో ఆమోదించింది.

ఆటను మలిచే తీరు

పద్ధతులు ఎన్ని ఉన్నా చేసే పని ఒకటే: బంతినో, బరినో, నియమాన్నో మార్చడం. అంధుల గోల్‌బాల్ 1946లో యుద్ధంలో చూపు పోయినవారి కోసం పుట్టింది. గంటలున్న బరువైన బంతిని నేల మీద దొర్లిస్తారు, ఎదుటి జట్టు శబ్దాన్ని బట్టి అడ్డుపడుతుంది. కొద్దిపాటి చూపు మిగిలినవారికి అదనపు లాభం లేకుండా అందరి కళ్లకూ గంతలు కడతారు. అంధుల క్రికెట్‌లో గలగలలాడే ప్లాస్టిక్ బంతిని చేయి కిందుగా వేస్తారు. పదకొండు మందిలో కనీసం నలుగురు పూర్తిగా చూపు లేనివారై ఉండాలి. చూపు లేని పిల్లవాడు పరిగెత్తాలంటే చిన్న తాడు రెండో కొస పట్టుకుని పక్కన పరిగెత్తే తోడు చాలు. బధిరుల పరుగుకు ఈల బదులు జెండా ఊపితే సరి. సెరిబ్రల్ పాల్సీ వల్ల కండరాలు బిగుసుకుపోయిన పిల్లలు బోచియాలో తోలు బంతిని లక్ష్యానికి దగ్గరగా వేస్తారు. చేయి ఆడనివారు వాలుపట్టీ మీంచి దొర్లిస్తారు.

జాగ్రత్తలూ తెలిసి ఉండాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో కొందరికి మెడలోని మొదటి రెండు వెన్నుపూసల మధ్య పట్టు వదులుగా ఉంటుంది. వైద్య పరీక్ష లేకుండా వారి చేత పిల్లిమొగ్గలు వేయించడం, తలకిందులుగా నీళ్లలోకి దూకించడం ప్రమాదం. మూర్ఛ వచ్చే పిల్లవాడు ఈదవచ్చు, కాని కనిపెట్టి ఉండే మనిషి తప్పనిసరి. ఆటిజం ఉన్న పిల్లలకు గట్టి ఈలలు, అకస్మాత్తుగా నియమాలు మారడం భరించరానివి. రోజూ ఒకే క్రమంలో సాగే ఆట వారికి నప్పుతుంది. వీటిలో ఏదీ డబ్బుతో కూడిన పని కాదు, తెలిసిన ఉపాధ్యాయుడు ఉండాలి, అంతే.

భారతదేశం, తెలుగు నేల

1974లో కేంద్రం తెచ్చిన సమీకృత విద్యా పథకంతో వైకల్యం ఉన్న పిల్లలు సాధారణ బడుల్లోకి రావడం మొదలైంది. 1995 చట్టం ఏడు వైకల్యాలను గుర్తిస్తే, 2016 చట్టం ఇరవై ఒక్కటికి పెంచింది. ఆ చట్టం 16వ సెక్షన్ ప్రకారం విద్యాసంస్థలు ఈ పిల్లలకు చదువుతోపాటు క్రీడలు, వినోదంలోనూ ఇతరులతో సమాన అవకాశాలు ఇవ్వాలి. సీబీఎస్ఈ ఉన్నత తరగతుల వ్యాయామ విద్య పాఠ్యాంశాల్లో ఈ విషయమే ఒక అధ్యాయం. తొలి ఖేలో ఇండియా పారా క్రీడలు 2023 డిసెంబరులో ఢిల్లీలో జరిగాయి.

హైదరాబాద్‌లో 1968లో మొదలైన ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ, 1984లో సికింద్రాబాద్‌లో కేంద్రం నెలకొల్పిన జాతీయ బుద్ధిమాంద్య సంస్థ ఈ రంగంలో ఉపాధ్యాయులకు దారి చూపాయి. మండలాల్లో సమగ్ర శిక్ష కింద నడిచే భవిత కేంద్రాలు బడికి రాలేని పిల్లలకు కూడా ఫిజియోథెరపీ, ఆటవస్తువులు అందిస్తున్నాయి. ఉమ్మడి గుంటూరు జిల్లాకు చెందిన అజయ్ కుమార్ రెడ్డి భారత అంధుల క్రికెట్ జట్టుకు సారథ్యం వహించి అర్జున పురస్కారం పొందాడు. హైదరాబాద్ షూటర్ ధనుష్ శ్రీకాంత్ బ్రెజిల్‌లో 2022లో జరిగిన డెఫ్లింపిక్స్‌లో రెండు స్వర్ణాలు గెలిచాడు. కర్నూలు టెన్నిస్ క్రీడాకారిణి షేక్ జాఫ్రీన్ అక్కడే మిక్స్‌డ్ డబుల్స్‌లో కాంస్యం సాధించింది.

పారాలింపిక్స్‌లో బుద్ధి వైకల్య విభాగం కథ ఇంత సూటిగా సాగలేదు. 2000 సిడ్నీ పారాలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టులో పన్నెండు మందిలో పది మందికి అసలు వైకల్యమే లేదని తేలింది. ఆ మోసానికి శిక్ష పడింది నిజంగా వైకల్యం ఉన్నవారికి. 2004లోనూ 2008లోనూ ఆ విభాగమే లేదు. 2012లో అథ్లెటిక్స్, ఈత, టేబుల్ టెన్నిస్‌లలో మాత్రం తిరిగి చేర్చారు. అలా తెరుచుకున్న టీ20 (బుద్ధి వైకల్యం ఉన్న అథ్లెట్ల) తరగతిలోనే వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన కూలీల బిడ్డ జీవాంజి దీప్తి పరిగెత్తింది. ఆమె వేగాన్ని ముందు గుర్తించింది బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడు. తరువాత కోచ్ నాగపురి రమేశ్ శిక్షణ ఇచ్చాడు. 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో 400 మీటర్లను 55.07 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డుతో స్వర్ణం, సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లతో కాంస్యం గెలిచింది.

అలా గమనించే ఉపాధ్యాయుడు ప్రతి బడిలో లేడు. 2009 విద్యాహక్కు చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వంద మందికి మించి పిల్లలున్న బడికి మాత్రమే, అదీ పార్ట్‌టైమ్ వ్యాయామ శిక్షకుడిని నిర్దేశించింది. అంతకు కింది తరగతులకు ఆ ఏర్పాటు లేదు. పట్టుకోవడం, విసరడం, ఒంటికాలిపై నిలబడటం నేర్పవలసిన వయసు అయిదు నుంచి పదేళ్లలోపే. ఆ వయసు పిల్లలుండే ప్రాథమిక పాఠశాలల్లో చాలావాటికి నేటికీ వ్యాయామ ఉపాధ్యాయుడి (పీఈటీ) పోస్టు లేదు.