సూరత్ జూలో నీటికుక్కలు

గుజరాత్‌లోని సూరత్‌లో తాపీ నది ఒడ్డున ఉన్న సర్థానా నేచర్ పార్క్ 1984లో ఏర్పడింది. 81 ఎకరాల ఈ జంతు ప్రదర్శనశాల నగరపాలక సంస్థ ఆధ్వర్యంలో నడుస్తోంది. సింహాలు, పులులు ఉన్నా దీనికి పేరు తెచ్చినవి నీటికుక్కలే. బోనుల్లో అరుదుగా పిల్లల్ని కనే ఈ జంతువుల సంతతి ఇక్కడ పెరిగింది. వీటిని ఇతర జూలకు ఇచ్చి, బదులుగా వేరే జంతువులను తెచ్చుకుంటారు.

ఈ జాతి ఐయూసీఎన్ ముప్పు జాబితాలో ఉంది. 2019లో సైట్స్ ఒప్పందం దీని అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించింది. కాకినాడ సమీపంలోని కోరింగ మడ అడవుల్లోనూ ఇవి కనిపిస్తాయి. చేపలే వీటి ప్రధాన ఆహారం కాబట్టి మత్స్యకారులతో ఘర్షణ తప్పదు. ఒడ్డున ఇసుక తవ్వితే బొరియలు పోతాయి. జూలో సంఖ్య పెరిగినంత మాత్రాన ఈ సమస్యలు తీరవు. అవి స్వేచ్ఛగా బతకాలంటే నదీ తీరాలను కాపాడాల్సిందే.