డిస్క్ క్యాష్: వేగం పెరిగిన చోటు, పెరగని చోటు

కృష్ణా డెల్టా రైతుకు ఈ భావన కొత్త కాదు. నాగార్జునసాగర్‌లో వదిలిన నీరు విజయవాడ చేరడానికి సమయం పడుతుంది. 1957లో పూర్తయిన ప్రకాశం బ్యారేజి నిలవ చేసేది సుమారు 3 టి.ఎం.సి.లే. అయినా కాలువల తలదగ్గరే ఉన్నందున ఆ కొద్ది నీరే వెంటనే అందుతుంది. డిస్కులోని సమాచారంలో కొంత భాగాన్ని మెమరీలో దగ్గరగా ఉంచుకోవడమే డిస్క్ క్యాష్. (నగదుకు వాడే క్యాష్‌తో దీనికి సంబంధం లేదు. దాచుకునే చోటు అని అర్థమున్న ఫ్రెంచి మాట ఇది.)

ప్రధాన మెమరీకి సంబంధించి ఈ ఆలోచనను మారిస్ విల్క్స్ 1965లో వివరించారు. డిస్కుకు దీని అవసరం మరీ ఎక్కువ. 360 కె.బి. ఫ్లాపీ నిమిషానికి 300 సార్లు తిరుగుతుంది, అంటే చుట్టుకు 200 మిల్లీసెకన్లు. కావలసిన సెక్టారు హెడ్ కిందికి రావడానికి సగటున 100 మిల్లీసెకన్లు ఆగాలి. మెమరీకి మైక్రోసెకను చాలు.

అలాగని ప్రతి యంత్రానికీ ఇది నప్పలేదు. 1984లో మొదలైన 'క్లాస్' పథకం కింద మన పాఠశాలలకు వచ్చిన బి.బి.సి. మైక్రోను చూడండి. మోడల్ బి మెమరీ 32 కె.బి. మాత్రమే. కొన్ని తెర విధానాలకే 20 కె.బి. పోతుంది. మిగిలిన దానిలో క్యాష్‌కు చోటిస్తే ప్రోగ్రాముకు చోటు ఉండదు.

640 కె.బి. దాటిన పి.సి.ల కాలానికి చోటు దొరికింది. ఒక బియ్యం మిల్లు ఖాతాలు డి.బేస్‌లో ఉన్నాయనుకోండి. ఇండెక్సు ద్వారా ఒక్కొక్క రైతు ఖాతా వెతికేటప్పుడు ఇండెక్సులోని పై బ్లాకులనే పదేపదే చదవాలి. ఇక్కడ లాభం స్పష్టం. సంవత్సరాంతపు జాబితాకు ఫైలంతా ఒక్కసారి చదివితే, చదివిన బ్లాకుతో మళ్ళీ పని పడదు. ముందుగా చదివిపెట్టుకున్నందుకు వచ్చే లాభమే మిగులుతుంది. 100 సెకన్ల పనిలో 80 సెకన్లు డిస్కు కోసం ఆగేవే అయితే, అందులో మూడు వంతులు తప్పించినా 40 సెకన్లలో పని ముగుస్తుంది.

రాతల సంగతి వేరు. 1993లో ఎం.ఎస్.డాస్ 6.0తో ఇచ్చిన స్మార్ట్‌డ్రైవ్, రాయవలసినదాన్ని కాసేపు మెమరీలో ఆపి తరువాత డిస్కుకు పంపేది. తెరమీద పని అయిపోయినట్లే కనిపించేది. ఈలోగా కరెంటు పోతే ఆ సమాచారమూ పోయేది. వేసవి కోతలు ఎరిగిన విజయవాడలో ఇది చిన్న విషయం కాదు. ఫిర్యాదుల తరువాత, అదే ఏడాది వచ్చిన 6.2లో రాతలు డిస్కుకు చేరాకే ప్రాంప్ట్ తిరిగి వచ్చేలా మార్చారు. కొంత వేగం తగ్గినా, నా దృష్టిలో అది చేయవలసిన మార్పే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: 100 సెకన్ల పనిలో డిస్కు కోసం ఆగేది 10 సెకన్లే అయితే, క్యాష్ ఎంత పెద్దదైనా మొత్తం కాలం ఎంతకు తగ్గగలదు?