వేరుశనగ చేలలో కంబళి పురుగు: సస్యరక్షణ చరిత్రలో ఒక అధ్యాయం

మీది తిరుపతి, చిత్తూరు జిల్లాల్లోని మెట్ట గ్రామమైతే ఎర్ర గొంగళి పురుగు గురించి వినే ఉంటారు. రైతులు దీన్ని కంబళి పురుగు అనీ, బొంత పురుగు అనీ అంటారు. సస్యరక్షణ చరిత్రను సాధారణంగా డి.డి.టి.తో మొదలుపెడతారు. మనం ఈ పురుగుతో మొదలుపెడదాం.

ముందు దీని జీవితక్రమం గమనించండి. ఏడాదిలో ఎక్కువ కాలం ఇది నేలలో కోశస్థ దశలో నిద్రాణంగా ఉంటుంది. తొలకరికి నేల తడవగానే రెక్కల పురుగులు రాత్రివేళ ఒక్కసారిగా బయటికి వస్తాయి. ఆడపురుగు వందలకొద్దీ గుడ్లు గుంపులుగా పెడుతుంది. పిల్ల పురుగులు మొదట ఆకులను గీకి తింటాయి. పెరిగాక ఒక చేను ముగించి పక్క చేనికి గుంపుగా నడుస్తాయి. అప్పటికి వాటి ఒంటినిండా వెంట్రుకలే. మందు చల్లినా సులభంగా చావవు.

కాబట్టి రైతుకు చిక్కే అదను రెండుసార్లే. వేసవి దుక్కిలో కోశాలు పైకి తేలి పక్షుల పాలవుతాయి. వాన పడిన రాత్రుల్లో రెక్కల పురుగులు వెలుగుకు చేరతాయి. గట్లపై మంటలు వేసేది అందుకే. అయితే ఒక్కరు మంట వేసి లాభం లేదు. పక్క చేలో పొదిగిన పురుగు రేపు మన చేలోకే వస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధం తరవాత రసాయనాలు వచ్చాయి. డి.డి.టి.కి కీటకాలను చంపే గుణం ఉందని 1939లో కనుగొన్న పాల్ ముల్లర్‌కు 1948లో నోబెల్ బహుమతి లభించింది. మన పల్లెలకు గమాక్సిన్ పొడి పేరుతో చేరింది బి.హెచ్.సి. రైతులు దాన్ని తెలియనితనంతో వాడారనడం సరికాదు. ఊరంతా కదిలేదాకా ఆగకుండా ఎవరి చేను వారు కాపాడుకునే వీలు దానివల్ల కలిగింది. అసలు మార్పు అదేనని ఈ రచయిత అభిప్రాయం. దాని అవశేషాలు నేలలో, పాలలో నిలిచిపోతున్నాయని తేలాక 1997లో దేశంలో నిషేధించారు. అంతకుముందే, 1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో మందులకు లొంగని శనగపచ్చ పురుగు పత్తి రైతులను ఆత్మహత్యల వరకు నెట్టింది.

1980ల చివర తెలుగు మెట్ట ప్రాంతాల్లో స్వచ్ఛంద సంస్థలు, శాస్త్రవేత్తలు పురుగుమందులు లేని యాజమాన్యానికి పూనుకున్నప్పుడు, మొదట ఎంచుకున్న వాటిలో కంబళి పురుగు ఒకటి. ఊరుమ్మడి మంటలు, దీపపు ఎరలు మళ్లీ వచ్చాయి. చేను చుట్టూ కందకం తీసి జిల్లేడు, అడవి ఆముదం కొమ్మలు వేస్తే నడిచివచ్చే పురుగులు అక్కడే ఆగుతాయి. పిల్ల పురుగులపై 5 శాతం వేపగింజల కషాయం, అంటే 100 లీటర్ల నీటికి 5 కిలోల పప్పు, పనిచేస్తుంది. 2003లో నాటి ఖమ్మం జిల్లాలోని పునుకుల పురుగుమందులు వాడని గ్రామంగా ప్రకటించుకుంది. ఆ తరవాత గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ (సెర్ప్) మహిళా సంఘాల ద్వారా ఈ పద్ధతులను విస్తరించింది. 2016 నుంచి రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయం కింద నీమాస్త్రం, అగ్నిఅస్త్రం ప్రచారం చేస్తోంది.

కషాయాన్ని ఒక్కరే కాచుకోవచ్చు. మంటకు మాత్రం ఊరు కావాలి. పక్క పొలం దున్నకుండా బీడు పడితే ఆ నేలలోని కోశాలు వచ్చే తొలకరి దాకా భద్రంగా ఉంటాయి.

అభ్యాసం: మీ ఊరిలో అరవై దాటిన ఒక రైతును కలవండి. తొలకరి మంటలు ఎప్పటివరకు వేశారో, ఎందుకు మానారో అడిగి, ఆయన మాటల్లోనే ఒక పేజీకి మించకుండా రాయండి.