ఏకశిలా నగరం, గొలుసుకట్టు చెరువులు

సాఫ్టువేరు వాళ్ళ నోట 'మోనోలిత్' అన్న మాట విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది. గ్రీకులో ఆ మాటకి అర్థం ఒంటిరాయి. మా ఓరుగల్లుకీ అర్థం అదే! సంస్కృతంలో ఏకశిలా నగరం. పేరుకి ఒంటిరాయే గానీ, ఇక్కణ్ణించి ఏలిన కాకతీయులు నీళ్ళ దగ్గరికొచ్చేసరికి పక్కా గొలుసుకట్టు మనుషులు.

తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. అప్లికేషనంతా ఒకే ముద్దగా, ఒకే డేటాబేసు మీద నడిస్తే అది మోనోలిత్. రెండో పద్ధతిలో పనుల వారీగా విడగొడతారు. బిల్లింగు వేరు, స్టాకు వేరు, ఎవరి డేటా వాళ్ళ దగ్గరే. మా టీములో నెల రోజులుగా ఇదే రగడ. విడగొడితే చాలు, కష్టాలన్నీ తీరిపోతాయన్నట్టు మాట్లాడుతున్నారు. నాకేమో మా చెరువులు గుర్తొస్తున్నాయి.

ఓరుగల్లు పక్కనుంచి పెద్ద నదేదీ పారదు. గోదావరి దూరం, పైగా పల్లంలో ఉంది. కాబట్టి పడ్డ వానని పడ్డచోటే పట్టుకోవాలి. గణపతిదేవుడి కాలంలో (1199-1262) ఈ పని జోరుగా సాగింది. అన్నీ రాజే కట్టించలేదు. పాకాల చెరువు జగదాళ ముమ్మడి కట్టించాడు. రామప్ప గుడి (1213) కట్టించిన సేనాని రేచర్ల రుద్రుడే అక్కడి చెరువూ తవ్వించాడు. చెరువు కట్టించి బాగోగులు చూసేవాళ్ళకి దశబంధం అని ఆయకట్టులో వాటా ఇచ్చే పద్ధతి కూడా ఉండేది.

ఇక గొలుసుకట్టు సంగతి. ప్రతి చెరువుకీ సొంత కట్ట, సొంత తూము, సొంత ఆయకట్టు. ఏ పొలానికి ఎన్ని నీళ్ళో చూసుకోడానికి ఆ ఊరి నీరటికాడు. పై ఊరికీ కింది ఊరికీ ఉన్న లంకె ఒక్కటే, మత్తడి (కోస్తా వాళ్ళ భాషలో అలుగు). పైచెరువు నిండితే మత్తడి దుంకి, ఆ నీళ్ళు కాలవలో పడి కిందిచెరువుకి చేరతాయి. మరి పాకాల అంత పెద్దదెందుకు? గుట్టల మధ్య ఆ లోయ అన్ని నీళ్ళు పడుతుంది కాబట్టి! చిన్నదా పెద్దదా అని నేలే చెప్పింది, ఫ్యాషన్ కాదు.

ఇంత బాగుంది కదా, ఇబ్బందేమిటంటారా? గొలుసులో పైకట్ట తెగితే ఆ వరద కిందిచెరువు మీదే పడుతుంది. విడివిడిగా ఉన్నంత మాత్రాన ఒకదాని చావు ఇంకోదానికి అంటదని కాదు. అందుకే మత్తడికీ, దాని కిందున్న కాలవకీ అంత విలువ.

2020 ఆగస్టులో ఒకసారి, 2023 జూలైలో మరోసారి వరంగల్, హనుమకొండ కాలనీలు మునిగాయి. వానలు విపరీతంగా పడ్డ మాట నిజమే. కానీ నీళ్ళు పోవాల్సిన నాలాల్ని ఇళ్ళూ ప్రహరీలూ ఎప్పుడో ఇరుకు చేసేశాయి. చెరువుకి పేరుంటుంది, కట్ట మీద గుడి ఉంటుంది, బతుకమ్మలాడతారు. రెండు చెరువుల మధ్య కాలవని పట్టించుకునేదెవరు?

సాఫ్టువేరులోనూ అంతే. ముద్దని పది ముక్కలు చేస్తే కష్టం ముక్కల్లోంచి లేచి వాటి మధ్యనున్న గీతల్లోకి పోతుంది. ముక్కకో టీము ఉంటుంది, గీతకి ఎవరూ ఉండరు. ఐదుగురున్న టీముకి ఒక్క చెరువు చాలు, దాన్నే శుభ్రంగా చూసుకోవచ్చు. పెద్దదై విడగొట్టక తప్పదంటే మాత్రం రెండు ప్రశ్నలు. ఈ ముక్కకి సొంత నీళ్ళున్నాయా, లేక పక్కవాడి డేటాబేసులో చెయ్యి పెట్టి బతుకుతుందా? పొంగిన రోజున మత్తడి ఎటు, ఆ కాలవకి నీరటికాడెవరు?

వీటికి జవాబు దొరికేదాకా, నా మటుకు నాకు ఏకశిలే నయం. మీరేమంటారు?