పెద్ద మిషను ఎందుకు పుట్టింది

అమెరికాలో క్విల్టులు కుట్టేవాళ్లు పెద్ద మిషను కొంటే ఆడంబరమనడం తొందరపాటు. క్విల్టంటే పైగుడ్డ, నడుమ దూది, కింద అస్తరు. ఈ మూడింటినీ కలిపి కుట్టాలి. సింగర్ కుట్టుమిషను పేటెంటు 1851 నాటిది. ఆ శతాబ్దపు రెండో సగం నుంచే క్విల్టుల్లో మిషను కుట్లు కనిపిస్తాయి. అయితే మంచానికి సరిపడే దుప్పటిని చుట్టచుట్టి, మిషను సూదికీ పక్క స్తంభానికీ మధ్యనున్న కాస్త సందులోంచి లాగడం నరకమే. 1933లో వచ్చిన సింగర్ ఫెదర్‌వెయిట్ బరువు ఐదు కిలోలే. ముక్కలు అతకడానికి దివ్యమైన మిషను, దుప్పటి కుట్టడానికి మాత్రం ఇరుకు. చాలామంది ఆఖరి కుట్టును చట్రం చుట్టూ కూర్చుని చేత్తోనే వేశారంటే, సంప్రదాయం మీది మమకారంతో పాటు ఈ ఇరుకూ కారణమే. గుడ్డను చట్రంలో బిగించి, మిషనునే పట్టాల మీద నడిపే లాంగ్‌ఆర్మ్ అనే పెద్ద మిషను తీర్చింది ఈ ఇబ్బందినే.

మిషను కళను చంపిందనేవారున్నారు. మరి 1989లో కెంటకీలోని పడూకా క్విల్టు ప్రదర్శనలో అత్యున్నత బహుమతి క్యారిల్ బ్రయర్ ఫాలర్ట్ మిషనుపై కుట్టిన క్విల్టుకే దక్కింది కదా! కాబట్టి మిషను కొనడానికి జంకక్కర్లేదు; కొనేవాళ్లు మాత్రం కుట్ల రకాలు లెక్కపెట్టేముందు సూది పక్కనున్న ఆ సందును కొలవాలి. ముక్కలు అతకడమే పనైతే పెద్ద మిషను దండగ.